ఊరి పందిట్లో ఎవరి పాట? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చిన్న ఊళ్ళలో జరిగే సంగీతోత్సవాల గురించి, వీధి కమిటీలు నడిపే కళా కార్యక్రమాల గురించి సందేహాలుంటే రాయమని గత సంచికలో కోరాము. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. పేరు వేయవద్దని చాలామంది కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: మా వీధిలో శ్రీరామనవమికి పందిరి వేసి తొమ్మిది రాత్రులు కార్యక్రమాలు జరపడం మా తాతల కాలం నుంచి ఉన్న ఆచారం. ఇటీవల హరికథ పెడితే ముందు వరుసలో పదిమంది పెద్దవాళ్ళు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. ఈసారి చందాల డబ్బంతా పెట్టి ఒక్క రాత్రికి పెద్ద సినిమా పాటల ఆర్కెస్ట్రాను రప్పిద్దామని కుర్రవాళ్ళు, అది కుదరదని పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు. కమిటీ కార్యదర్శిగా నేను ఎవరి మాట వినాలి? (కావలి)

జవాబు: ఆర్కెస్ట్రా వద్దని నేను అనను. బాలసుబ్రహ్మణ్యం గారి పాటను సొంత ఇంటి పాటగా భావించే జిల్లా మీది. ఆయన తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పిన భాగవతార్ అన్న సంగతి గుర్తు చేసుకుంటే, మీ పందిట్లో తగవు పడుతున్న రెండు పక్షాలూ ఒకే ఇంటివారని తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా తొమ్మిది రాత్రుల డబ్బును ఒక్క రాత్రికి పెట్టడం మీదనే. ఆర్కెస్ట్రా వచ్చిన రాత్రి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తారు, వీధి నిండిపోతుంది. మర్నాడు వారెవరూ రారు. మిగిలిన ఎనిమిది రాత్రులు పందిట్లో ట్యూబులైట్లు వెలుగుతుంటాయి తప్ప ఎవరికీ అక్కడ పని ఉండదు.

ఈ ‘పని’ అన్న మాటను కొంచెం వివరిస్తాను. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద ముహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగను మీరు చూసే ఉంటారు. ఏ పేరున్న గాయకుడినీ పిలవకుండానే అక్కడికి లక్షల మంది వస్తున్నారు. కోరిక తీరినవారు స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు దాన్ని అందుకుంటారు. వచ్చిన ప్రతి మనిషి చేతికీ అక్కడ ఒక పని ఉంది. మీ పందిరికి జనం రాకపోవడానికి హరికథ పాతబడిపోవడం కారణమని నేను అనుకోను. వీధివాళ్ళు చందా ఇచ్చాక ఇక వారితో కమిటీకి పని లేకుండా పోవడమే కారణమని నా నమ్మకం.

కాబట్టి ఉగాదికి రెండు నెలల ముందే మీ వీధి ఆడవాళ్ళతో, పిల్లలతో కోలాటం సాధన మొదలుపెట్టించండి. చుట్టుపక్కల పల్లెల్లో కోలాటం, చెక్కభజన, పండరి భజన నేర్పే గురువులు ఇప్పటికీ ఉన్నారు. ఒకరిని మాట్లాడుకుని, నలభై రోజులు సాయంత్రం పూట నేర్పించి, కోపులు, అంటే అడుగుల వరుసలు, కుదిరాక జడకోలాటం వేయించండి. పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూ జడగా అల్లి, మళ్ళీ ఆడుతూనే విప్పే ఆ ఆటలో ఒక్కరు అడుగు తప్పినా జడ చిక్కుపడుతుంది. అందుకే సాధనకు ఎవరూ ఎగ్గొట్టరు. ఇరవైమంది ఆడితే ఇరవై ఇళ్ళవాళ్ళు చూడడానికి వస్తారు. సాయంత్రం ఆరున్నరకు కోలాటం మొదలుపెట్టి, ఆ జనం లేవకముందే, ఏడున్నరకల్లా హరికథకు వేదిక అప్పగించండి. గంటన్నరకు మించకుండా చెప్పమని హరిదాసు గారిని ముందుగానే వినయంగా కోరండి. మంచి హరిదాసు శ్రోతలను బట్టి కథను పెంచగలరు, కుదించగలరు.

హరికథకు జనం లేరని చాలా కమిటీలు నాకు రాస్తున్నాయి. నేను వెళ్ళి చూసిన చోట్ల చాలావరకు హరికథ అసలు వినబడడమే లేదు. హరికథలో ఒకే మనిషి చేతిలో చిరుతలు, కాళ్ళకు గజ్జెలు పెట్టుకుని పాడాలి, వచనం చెప్పాలి, పద్యం చదవాలి, అభినయించాలి. సినిమా పాటకు పెట్టిన ఎకో మైకులో అలాగే ఉంటే పద్యంలో ఒక మాట మీద ఇంకో మాట పడి, ఏ మాటా అర్థం కాదు. మైకు సెట్టు అతనికి చెప్పి ఎకో పూర్తిగా తీయించండి. వేదిక పక్కన కొండంత బాక్సులు పేర్చే బదులు, చిన్న స్పీకర్లను పందిరి పొడుగునా, జనం కూర్చున్నవైపు తిప్పి, తక్కువ ఎత్తులో కట్టించండి. వేదిక రెండడుగులకు మించి ఎత్తు వద్దు. ముందు కుర్చీలు తీసి చాపలు పరిస్తే పిల్లలు వచ్చి కూర్చుంటారు, హరిదాసు వాళ్ళ ముఖాలు చూసి కథ చెబుతారు.

ఇక డబ్బు సంగతి. వసూలైన చందాలో మూడో వంతుకు మించి ఏ ఒక్క రాత్రికీ ఖర్చు పెట్టరాదని కమిటీ పుస్తకంలో రాసుకుని అందరూ సంతకాలు చేయండి. ఆ మూడో వంతులో వచ్చే ఆర్కెస్ట్రాను చివరి రాత్రి నిస్సంకోచంగా పెట్టుకోండి. నేర్పిన గురువుకు, హరిదాసుకు, పక్క వాద్యాలవారికి ఒప్పుకున్న మొత్తాన్ని ఆ రాత్రే, దారి ఖర్చుతో సహా, భోజనం పెట్టి మరీ చేతికి ఇవ్వండి. కొన్నేళ్ళ క్రితం ఒక ఊళ్ళో అద్భుతంగా రుక్మిణీ కల్యాణం చెప్పిన భాగవతారిణి, మెడలో శాలువాతో, మిగతా డబ్బు తర్వాత పంపుతామన్న మాటతో, అర్ధరాత్రి బస్టాండులో ఒంటరిగా కూర్చుని ఉండడం చూశాను. ఆ తర్వాత ఆమె ఆ ఊరికి వెళ్ళలేదని విన్నాను. మీ ఊరికి ఆ పేరు రాకుండా చూసుకోండి.

ప్రశ్న: రాత్రి పది దాటగానే పోలీసులు వచ్చి మైకు ఆపమంటున్నారు. దేవుడి కార్యక్రమానికి కూడా ఈ నిబంధన ఉంటుందా? (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: ఉంటుంది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం లౌడ్ స్పీకరు పెట్టాలంటే ముందుగా లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట దాన్ని వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు సంవత్సరం మొత్తంలో 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కాని, ఆ సడలింపు మీ ఉత్సవ దినాలకు వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పరిమితి 45. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర మైకు శబ్దం అక్కడి పరిమితి కంటే పది డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండరాదు, ఎట్టి పరిస్థితిలోనూ 75 దాటరాదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల వరకు ఇంకా కఠినమైన హద్దులున్నాయి.

ఈ నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు. తొమ్మిదింటికి మొదలై ఒంటిగంటకు ముగిసే కచేరీకి బడిపిల్లలు రాలేరు, మర్నాడు పొద్దున్నే పనికి పోయేవాళ్ళు రాలేరు. అతిథుల ప్రసంగాలు, సన్మానాలు తగ్గించుకుంటే పదిలోపు ఏ కార్యక్రమమైనా పూర్తవుతుంది.

ప్రశ్న: మా కాలనీ సంఘంలో పిల్లలు సినిమా పాటలు పాడితే కాపీరైటు కట్టాలని ఒకరు భయపెట్టారు. నిజమేనా? (కనిగిరి)

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి భయపడవలసిన పని లేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను ప్రకారం ఔత్సాహికుల సంఘం టికెట్టు లేని ప్రేక్షకుల ముందు గాని, ఒక ధార్మిక సంస్థ సహాయార్థం గాని ప్రదర్శన ఇస్తే అది ఉల్లంఘన కాదు. అలా కాక టికెట్టు పెట్టినా, పారితోషికం తీసుకునే బృందాన్ని పిలిచినా పాటల హక్కుల సంస్థ నుంచి లైసెన్సు తీసుకోవలసి ఉంటుంది. రికార్డు చేసిన ట్రాకు వేసి దాని మీద పాడితే ఆ రికార్డింగు హక్కు వేరే ఉంటుందని గమనించండి. పూర్వకాలపు వాగ్గేయకారుల కీర్తనలకు ఈ సమస్య లేదు; రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకే హక్కు ఉంటుంది.

ప్రశ్న: ప్రపంచ ప్రసిద్ధులైన నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారిది మా జిల్లాయేనని ఈ మధ్యనే తెలిసింది. నేను ఒంగోలులో పుట్టి పెరిగినా బడిలో గాని, ఉత్సవాలలో గాని ఆ పేరు వినలేదు. ఆయన గురించి చెప్పగలరా? మా ఊరి పండుగల్లో నాదస్వరానికి చోటు ఎలా కల్పించాలి? (ఒంగోలు)

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషమూ, బాధా రెండూ కలిగాయి. షేక్ చిన మౌలానా గారు 1924లో మీ ఒంగోలుకు ఆమడ దూరమైనా లేని కరవదిలో, తరతరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న కుటుంబంలో పుట్టారు. చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ విద్యతో తృప్తి పడక, తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్ కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్ల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో వాయించడాన్ని జీవితంగా చేసుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయనకు లభించాయి. మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. ఆయన శిష్యపరంపరలోని దంపతులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్లకు 2020 సంవత్సరపు పద్మశ్రీ వచ్చింది. మన రెండు జిల్లాలలోను, గుంటూరు సీమలోను దేవుడి కల్యాణానికి, ఊరేగింపుకు వాయించే మేళాలలో ముస్లిం కుటుంబాలవారు ఎంతోమంది ఉన్నారు. రాముడి పెళ్ళికి వారు వాయించడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. ఆ సహజత్వాన్ని నేను ఈ నేల సంపాదించుకున్న ఆస్తిగా లెక్కిస్తాను.

నాదస్వరానికి కొత్తగా చోటు కల్పించనక్కరలేదు. ఉన్న చోటును లాక్కోకుండా ఉంటే సగం పని అవుతుంది. రెండేళ్ళ క్రితం ఒక ఊళ్ళో గ్రామోత్సవంలో నడిచాను. స్వామివారి ముందు మేళం నడుస్తోంది. నాదస్వరం వాయించే పెద్దాయన కల్యాణి రాగం ఎత్తుకున్నారు. వెనక ట్రాక్టరు మీద డీజే బాక్సులు మొదలయ్యాయి. ఆయన రెండుసార్లు ఆగి, మళ్ళీ ఎత్తుకున్నారు. మూడోసారి డోలు వాయించే ఆయన పుల్లను నడుముకు దోపుకుని మౌనంగా నడవడం మొదలుపెట్టారు. దేవుడి పల్లకీ ముందు అలా ఉత్త చేతులతో నడిచిన ఆ ఇద్దరి ముఖాలు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టున్నాయి. డీజే తప్పదనుకుంటే పల్లకీ గుడి చేరిన తర్వాత, వేరే చోట పెట్టుకోండి. ఊరేగింపులో నాలుగు కూడళ్ళను ముందే నిర్ణయించి, ఒక్కోచోట పావుగంట పల్లకీ దింపి, మేళాన్ని నిలబడి వాయించనివ్వండి. నాదస్వరం ఆరుబయటి వాద్యం కనుక వీధిలో దానికి మైకు అవసరమే లేదు. వేదిక మీదనైతే మైకును నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, గొట్టం నోటికి ఆనించి పెట్టడం వల్లనే చెవులు గింగురుమంటాయి. ఇంకొక్క మాట: కరపత్రంలో ‘మంగళవాద్యం’ అని వేసి ఊరుకోకుండా, వాయించేవారి పేర్లు వేయండి. వారి ఇళ్ళలో పిల్లలు నేర్చుకోవాలనుకుంటే తిరుపతిలో దేవస్థానంవారు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. ఒక పిల్లవాడి ప్రయాణానికి, బట్టలకు మీ కమిటీ సహాయం చేయగలదేమో ఆలోచించండి. వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం చిన మౌలానా గారి పేరు మీద కచేరీ జరిపితే వినడానికి నేను సొంత ఖర్చుతో వస్తాను.

ప్రశ్న: మేము పదకొండుమంది గృహిణులం, ఆరుగురు పిల్లలం కలిసి సంగీతం నేర్చుకుంటున్నాము. త్యాగరాజ ఆరాధన జరపాలని ఉంది. పంచరత్నాలు పాడేంత పట్టు లేదు, మృదంగం, వయొలిన్ వారు మా ఊళ్ళో లేరు. జరపవచ్చా, నవ్వులపాలవుతామా? (పొదిలి)

జవాబు: అమ్మా, తప్పకుండా జరపండి. త్యాగయ్య గారు 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందినా, వారి ఇంటిపేరు కాకర్ల. కంభం దగ్గర ఆ పేరుతో ఉన్న ఊరే వారి పూర్వీకుల ఊరని పరంపరగా చెబుతారు. మీ పొదిలి నుంచి అదేమంత దూరం కాదు.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఐదు ఘనరాగాల పంచరత్నాలు పెద్ద కీర్తనలు, స్వరసాహిత్యం బరువైనది. కుదరకుండా ఐదూ లాగే కంటే, శ్రీరాగంలోని ఒక్కదాన్ని శుద్ధంగా నేర్చుకుని పాడండి. మిగిలిన సమయానికి త్యాగయ్య గారి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఉన్నాయి. అవి భజనలో పదిమంది కలిసి పాడుకోవడానికే చేసినవి. దివ్యనామ కీర్తనల చరణాలన్నీ సాధారణంగా ఒకే వరుసలో నడుస్తాయి కనుక ఒక చరణం వస్తే మిగతావి వచ్చినట్టే. ఒకరు అందిస్తే వచ్చినవారంతా అందుకోగలరు. కురంజి రాగంలో సీతాకల్యాణం పాట మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పాడేదే కదా! శ్రుతి పెట్టె, తాళాలు ఉంటే మొదటి ఏడాదికి చాలు. పిల్లల గొంతుకు, పెద్దల గొంతుకు కుదిరే శ్రుతిని నెలముందే ఖాయం చేసుకుని, ఆ శ్రుతిలోనే రోజూ సాధన చేయండి.

ఆడవాళ్ళే నడిపితే ఎవరేమంటారోనని మీ ఉత్తరం చివర రాసిన సందేహానికి బెంగుళూరు నాగరత్నమ్మ గారే సమాధానం. తిరువయ్యారులో శిథిలమవుతున్న త్యాగయ్య గారి సమాధి స్థలానికి తన నగలు, ఆస్తి ధారపోసి 1920లలో మందిరం కట్టించినది ఆమె. ఆరాధనలో స్త్రీలు పాడే హక్కు కోసం పట్టుదలతో నిలబడినదీ ఆమే.

ప్రశ్న: నేను డ్రాయింగు మాస్టారిని. బస్టాండు గోడ మీద పిల్లలతో బొమ్మలు వేయించాలనుకుంటున్నాను. గతంలో వేసినవి ఆరు నెలలకే పెచ్చులూడాయి. ఏ బొమ్మలు వేస్తే బాగుంటుంది? (ఉదయగిరి)

జవాబు: ముందు గోడ సంగతి చూడండి. మన జిల్లాలకు పెద్ద వాన ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది. దసరా సెలవుల్లో రంగు వేస్తే తడి గోడలోపలే ఉండి, ఉప్పు తేలి, పొర లేచిపోతుంది. సంక్రాంతి దాటాక, గోడ బాగా ఆరిన తర్వాత మొదలుపెట్టి మార్చిలోపు ముగించండి. పాత సున్నం పూర్తిగా గీకించి, పగుళ్ళు పూడ్పించి, బయటి గోడలకు వాడే ప్రైమరు ఒక పూత వేసి, అది ఆరాక బయటి గోడల ఎమల్షన్ రంగులే వాడండి. పోస్టరు రంగులు నిలవవు. గోడ ఎవరిదో తెలుసుకుని వారి దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి, లేకపోతే ఎన్నికలప్పుడు మీ పిల్లల బొమ్మల మీద సున్నం పడుతుంది. చిన్న కాగితం మీద గళ్ళు గీసి, అవే గళ్ళను గోడ మీద పెద్దవిగా గీస్తే ఆరో తరగతి పిల్లలు కూడా కొలత తప్పకుండా వేస్తారు.

ఏం వేయాలన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. నెమళ్ళు, తామరపూలు, జాతీయ నాయకులు ప్రతి ఊరి గోడ మీదా ఉన్నారు. మీ ఊళ్ళో చెక్కను చెంచాలుగా, గరిటెలుగా, దువ్వెనలుగా చెక్కే కళాకారులున్నారు. ఉదయగిరి చెక్క చెంచాలకు దేశమంతటా పేరుంది. పిల్లలను వారి ఇళ్ళకు తీసుకువెళ్ళి, ఉలి పట్టిన చేతులను, చెంచా పిడి మీది అల్లికలను చూసి గీయించండి. ఆ అల్లికలే గోడకు అంచుగా నడిపించి, మధ్యలో ఆ చేతులను, వెనక మీ దుర్గం కొండను వేయండి. చెక్కేవారిని పిలిచి ఒక గీత వారి చేత కూడా గీయించండి. తమ చేతి గీత ఉన్న గోడ మీద పోస్టరు అంటించడానికి వారెవరూ ఒప్పుకోరు.

ప్రశ్న: మద్యం గురించి, చదువు గురించి వీధుల్లో పాడే ప్రచార పాటలు కళ కిందికి రావని మా కళాశాలలో ఒక వాదన జరిగింది. మీరేమంటారు? (ఆత్మకూరు, నెల్లూరు జిల్లా)

జవాబు: ఈ వాదన మరెక్కడ జరిగినా నెల్లూరు జిల్లాలో జరగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. 1991లో మీ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి పాటలతో, వీధి నాటకాలతో ఆడవాళ్ళను రాత్రిబడులకు రప్పించాయి. ఆ బడుల వాచకంలో తాగుబోతు భర్తతో బాధపడే సీతమ్మ కథ ఒక పాఠం. అది చదివిన దూబగుంట ఆడవాళ్ళు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ, ఆ పాటలు ఊరు నుంచి ఊరికి పాకి 1992 నాటికి జిల్లా అంతా సారా వేలం పాటలను అడ్డుకునే స్థితి వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. అంతకు యాభై ఏళ్ళ ముందు ప్రజానాట్యమండలివారు బుర్రకథను ఇలాగే వాడుకున్నారు. ఆ కాలంలో దాన్ని ప్రజల్లోకి తీసుకుపోయిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అది కళ అవునా కాదా అని ఎవరూ అడగలేదు.

బాగాలేని ప్రచార పాటలు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. వరుస కుదరని పాటను జనం రెండోసారి పాడరు. అప్పటి పాటల్లో కొన్ని ముప్పై ఏళ్ళు దాటినా పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళ నోట విన్నాను. మీ మిత్రులకు నాదొక సూచన. కళాజాతాల్లో ఆనాడు పాడినవారు మీ మండలంలోనే ఉంటారు. చాలామందికి వయసు అరవై దాటి ఉంటుంది. ఈ వేసవి సెలవుల్లో నలుగురు కలిసి వారి ఇళ్ళకు వెళ్ళండి. ఫోనులోనే రికార్డు చేయవచ్చు. ముందుగా పాడేవారి పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఎక్కడెక్కడ పాడినదీ వారి నోటితోనే చెప్పించి, ఆ తర్వాత పాట పూర్తిగా పాడించండి. మధ్యలో చరణం మరిచిపోతే అందించకండి, కాసేపు ఆగండి. పక్కనున్న వదినగారో, ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మో అందుకుంటారు, ఆ గొంతు కూడా రికార్డులో ఉండనివ్వండి. ఒక నకలు కళాశాల గ్రంథాలయంలో పెట్టి, ఇంకొకటి పాడినవారి ఇంట్లో ఇచ్చి రండి.